చిన్న దొరల ఏలుబడి: జవ్హార్ నుంచి అమరావతి దాకా

భివండి నియోజకవర్గం నుంచి 1962లో లోక్‌సభకు గెలిచిన యశ్వంతరావు మార్తండరావు ముక్నే, అంతకు 14 ఏళ్ల ముందు వరకు రాజు. కాల్హేర్, భివండి దాటి వాడా మీదుగా ఉత్తరాన కొండల్లోకి పోతే వచ్చే జవ్హార్ ఆయన సంస్థానం. 310 చదరపు మైళ్ల నేల, 1901 జనాభా లెక్కల్లో 47 వేల పైచిలుకు మనుషులు, తొమ్మిది తోపుల మర్యాద. 1948లో అది బొంబాయి రాష్ట్రంలో కలిసిపోయింది. గద్దె దిగిన రాజు జనం దగ్గరికి ఓటు కోసం వెళ్లాడు, గెలిచాడు. 1967లో డహాణు నుంచి మళ్లీ గెలిచాడు.

ఇదే కథ తెలుగు నేల మీదా నడిచింది. వనపర్తి సంస్థానానికి చివరి రాజు రామేశ్వరరావు కొంతకాలం విదేశాంగ శాఖలో పనిచేసి, 1957 మొదలు 1971 దాకా వరసగా నాలుగు ఎన్నికల్లో గెలిచి లోక్‌సభకు వెళ్లాడు. రాజరికం పోయాక కూడా రాజుకు ఇంత పలుకుబడి ఎక్కడిది? భయమా, అలవాటా, నిజంగా చేసిన మేలా? చిన్న సంస్థానాల చరిత్ర రాసినవాళ్లలో చాలామంది ఈ ప్రశ్నను పక్కన పెట్టి వంశవృక్షాలు, బిరుదులు, దానశాసనాలు చెప్పి ఊరుకున్నారు.

కాల్హేర్, భివండి ప్రాంతపు తెలుగువాళ్లకు ఈ ప్రశ్న దూరపు ముచ్చట కాదు. సాంచెల (మరమగ్గాల) పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఎక్కువగా కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాలవి. వాళ్ల ఊళ్లలో భివండిని భీమండి అంటారు. అక్కడ వాళ్ల తాతలు నిజాం కింద ఒక జాగీర్దారుకో, దేశ్‌ముఖ్‌కో, సంస్థానాధీశుడికో పన్ను కట్టి, వెట్టి చేసి బతికారు. ఇక్కడికి వచ్చి పడింది కూడా ఒక చిన్న రాజ్యం అంచున ఉన్న నేల మీదే. భివండి పద్మనగర్ గల్లీల్లో పుట్టి పెరిగిన నేటి యువకుడికి రెండు వైపులా ఉన్న ఈ చరిత్ర తెలియాలి.

చిన్న రాజ్యాలంటే లోకం ముందుగా జర్మనీని చెబుతుంది. 18వ శతాబ్దం చివరికి అక్కడ మూడు వందలకు పైగా చిన్నా పెద్దా రాజ్యాలు, స్వతంత్ర నగరాలు, మఠాధిపతుల ఏలుబడులు ఉండేవి. నెపోలియన్ దెబ్బకు 1803, 1806 మార్పుల్లో చాలావరకు పెద్దవాటిలో కలిసిపోయి, 1815 తర్వాతి జర్మన్ సమాఖ్యలో 39 మిగిలాయి. మన సంస్థానాధీశుల తీరూ, అక్కడి ప్రభువుల తీరూ పక్కపక్కన పెట్టి చూస్తే పరిశీలకుడికి కొన్ని సంగతులు తేటపడతాయి. అందుకు సరిగ్గా కుదిరే జంట ఒకటి ఉంది: అమరావతి రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు, అన్‌హాల్ట్-డెస్సావ్ ప్రభువు లియోపోల్డ్ ఫ్రీడ్రిక్ ఫ్రాంజ్. ఇద్దరూ ఒకే కాలం మనుషులు. వెంకటాద్రి నాయుడు 1783 నుంచి 1816 దాకా ఏలాడు. ఫ్రాంజ్ 1758లో పగ్గాలు పట్టి 1817 ఆగస్టులో చనిపోయాడు. ఇద్దరూ చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుని పినతండ్రుల పెంపకంలో పెరిగారు. ఇద్దరికీ కట్టడాల మీద తీరని మోజు. ఇద్దరూ తమకంటే బలమైన శక్తి నీడలో బతికారు: ఒకరికి ఈస్టిండియా కంపెనీ, మరొకరికి ప్రష్యా.

ముందు వెంకటాద్రి నాయుడి సంగతి. కృష్ణకు ఉత్తరాన చింతపల్లి వాసిరెడ్డి వాళ్ల పాత కోట. తండ్రి జగ్గన్న చనిపోతే తల్లి అచ్చమ్మ సహగమనం చేసిందని వంశచరిత్రలు చెబుతాయి. పినతండ్రి రామన్న తర్వాత 1783లో అధికారం వెంకటాద్రి నాయుడి చేతికి వచ్చింది. బేతవోలును తండ్రి పేరున జగ్గయ్యపేటగా చేశాడు. తల్లి పేరు అచ్చంపేటలో నిలిచింది. పసితనంలో పోయిన తల్లిదండ్రులను ఊళ్ల పేర్లలో నిలుపుకొన్న కొడుకు ఆయన.

1788లో గుంటూరు సర్కారు కంపెనీ చేతికి వచ్చింది. అంతవరకు హైదరాబాదు వైపు, మచిలీపట్నం వైపు చూసుకుంటూ తన దండుతో తాను బతికిన జమీందారు ఇప్పుడు కలెక్టరుకు లెక్క చెప్పాల్సి వచ్చింది. చింతపల్లిలో కంపెనీ సిపాయిల కాపలా ఆయనకు నచ్చలేదని, అందుకే నది దాటి దక్షిణాన కొత్త ఊరు కట్టాడని చెబుతారు. ఆ ఊరే అమరావతి. పాత ధరణికోట పక్కన, అమరేశ్వరాలయం చుట్టూ, 1790ల్లో లేచిన పట్నం. వ్యాపారులను పిలిచి ఇళ్ల స్థలాలిచ్చాడు, వీధులు తీయించాడు, గుడిని బాగుచేయించాడు. చేబ్రోలులో చతుర్ముఖ బ్రహ్మ గుడి, పొన్నూరు గుడికి ఆదరణ, మంగళగిరిలో 11 అంతస్తుల గాలిగోపురం ఆయనవే. 1807-09 నాటి ఆ గోపురం ఎత్తు 153 అడుగులు. దాని మొదట్లో వెడల్పు 49 అడుగులే. అంత ఇరుకు పీట మీద అంత ఎత్తు నిలబెట్టిన పనివాళ్ల నైపుణ్యానికి చేతులు జోడించాలి. ఆయన గురువు ములుగు పాపయారాధ్యులు దేవీభాగవతాన్ని తెలుగు చేశాడు.

ఈ కట్టడాల కింద రెండు విషాదాలు ఉన్నాయి.

ఒకటి చెంచులది. దోపిళ్లు చేస్తున్నారన్న కోపంతో చెంచులను విందుకు పిలిపించి, వరసగా నిలబెట్టి నరికించాడని జనశ్రుతి. ఆ చోటే నరుకుళ్లపాడు అయిందంటారు. ఆ తర్వాత ఆయన ముందున్న అన్నం పురుగులుగా కనిపించేదని, పాపపరిహారంగా గుళ్లు కట్టించాడని కథ సాగుతుంది. ఈ కథను చెప్పేవాళ్లు రాజు పశ్చాత్తాపం దగ్గర ఆగి కన్నీరు పెడతారు. సత్యం శంకరమంచి అమరావతి కథల పుణ్యమా అని ఆ ఊరి రాజు, గుడి, రేవు తెలుగు పాఠకుడికి సొంత ఊరంత దగ్గరయ్యాయి. అయినా చచ్చిపోయిన చెంచుల్లో ఒక్కరి పేరు కూడా ఎవరికీ తెలియదు. రాజు పడ్డ బాధకు వంద గుళ్ల సాక్ష్యం ఉంది, వాళ్ల బాధకు ఒక ఊరి పేరు తప్ప ఏమీ లేదు. చరిత్ర రాసేవాడు ఇక్కడ ఎటువైపు నిలబడతాడన్నది చిన్న విషయం కాదు.

రెండోది దీపాలదిన్నెది. కొత్త పట్నానికి ఇటుక, రాయి కావాల్సి వచ్చి, ధరణికోట దగ్గర ఆ పేరుతో ఉన్న దిబ్బను తవ్వించారు. లోపల చెక్కిన పాలరాతి పలకలు బయటపడ్డాయి. ఆ కబురు విని 1797లో కంపెనీ సైన్యాధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. ఆయన వెంట పనిచేసిన కావలి సోదరులు మన తెలుగువాళ్లే. 1816లో మెకంజీ మళ్లీ మనుషులతో వచ్చి బొమ్మలు గీయించే నాటికి దిబ్బ నడిమి భాగం తవ్వేసి చెరువు చేశారు, పలకలు కొన్ని కట్టడాల్లోకి పోయాయి. దాదాపు రెండు వేల ఏళ్ల నాటి మహాస్తూపం అది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వి తీసిన శిల్పాలు తర్వాత లండన్ చేరాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మరికొన్ని చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. రాజును ఒక్కడినే నిందించడం న్యాయం కాదు. అది బౌద్ధ స్తూపమని ఆనాడు మెకంజీకే తెలియదు. కానీ ఒక మనిషి మాటకు అడ్డు చెప్పే వ్యవస్థ ఏదీ లేనిచోట, ఒక్క పట్నం కోరిక కోసం ఏం పోగలదో అమరావతి చూపించింది.

ఇక ఫ్రాంజ్. తాత లియోపోల్డ్ ప్రష్యా సైన్యంలో పేరు మోసిన సేనాని. తన చిన్న రాజ్యంలోని కులీనుల భూములు చాలావరకు కొనేసి తానే పెద్ద భూస్వామి అయ్యాడు. మనవడు కూడా ప్రష్యా సైన్యంలోనే చేరాడు గానీ, 1757లో బయటికి వచ్చి ఏడేళ్ల యుద్ధంలో తన రాజ్యం ఎటూ చేరదని ప్రకటించాడు. దానికి శిక్షగా ప్రష్యా పెద్ద మొత్తాలే వసూలు చేసింది. అప్పుడు ఆయనకు 20 ఏళ్లు కూడా నిండలేదు. తర్వాత వాస్తుశిల్పి ఎర్డ్‌మన్స్‌డార్ఫ్‌ను వెంటబెట్టుకుని ఇంగ్లండు, ఇటలీ తిరిగి, చూసిన ప్రతి మంచిదాన్నీ తన నేల మీద పెట్టాలని చూశాడు. వర్లిట్స్‌లో 1769-73 మధ్య కట్టిన భవనం, దాని చుట్టూ తోట ఆయన పేరు నిలిపాయి. తోటకు కంచె వేయించలేదు, ఎవరైనా రావచ్చు. 1774లో డెస్సావ్‌లో విద్యావేత్త బేసడోవ్ చేత కొత్త పద్ధతి బడి పెట్టించాడు. బట్టీ పట్టించడం తగ్గించి ఆట, చేతిపని, నడక కలిపి చదువు చెప్పిన ఆ బడి రెండు దశాబ్దాలే నడిచినా యూరప్ విద్యావేత్తలు దాన్ని చూడ్డానికి వచ్చారు. యూదులకు వర్లిట్స్ తోటలోనే ప్రార్థనా మందిరం కట్టించాడు. 2000లో ఆ తోటల ప్రాంతం యునెస్కో జాబితాలో చేరింది.

జర్మన్ చిన్న ప్రభువులందరూ ఇలాంటివాళ్లే అనుకుంటే పొరపాటు. అదే కాలంలో హెస్సె-కాసెల్ ప్రభువు రెండో ఫ్రీడ్రిక్ తన రాజ్యపు రైతుబిడ్డలను సైనికులుగా బ్రిటన్‌కు అద్దెకిచ్చాడు. 1776 ఒప్పందం కింద మొదట 12 వేల మంది అమెరికా వెళ్లారు. అన్ని జర్మన్ రాజ్యాల నుంచి కలిపి దాదాపు 30 వేల మంది ఆ యుద్ధానికి పోయారు. ఆ డబ్బుతో కాసెల్‌లో మ్యూజియం, భవనాలు లేచాయి. వాటిని చూసి మురిసిపోయే యాత్రికుడికి, తిరిగి రాని కొడుకుల కోసం ఎదురుచూసిన తల్లులు కనిపించరు. మన గోపురాల దగ్గర మనం చేసేదీ ఇదే.

ఫ్రాంజ్ తోట ఎందుకు నిలిచింది, వెంకటాద్రి నాయుడి రాజ్యం ఎందుకు కూలింది అన్నది వ్యక్తుల మంచితనంతో తేలదు. వారసత్వంతో తేలుతుంది. ఫ్రాంజ్ కొడుకు తండ్రికంటే ముందే 1814లో చనిపోయాడు. అయినా గొడవ లేదు: మనవడు గద్దె ఎక్కాడు, ఆ వంశం 1918 దాకా సాగింది. వెంకటాద్రి నాయుడికి బిడ్డలు లేరు. మొదట జగన్నాథబాబును, ఆ తర్వాత రామనాథబాబును దత్తత తీసుకున్నాడు. 1816లో ఆయన కన్ను మూయగానే ఇద్దరి మధ్య వ్యాజ్యం మొదలైంది. కింది కోర్టుల నుంచి మద్రాసుకు, మద్రాసు నుంచి లండన్ ప్రివీ కౌన్సిల్‌కు పోయింది. చివరికి రంగమ్మ, అచ్చమ్మ (ఈ అచ్చమ్మ రాజు తల్లి కాదు) అనేవాళ్ల పేర్ల మీద నడిచిన ఆ దావాలో తీర్పు వచ్చింది 1846లో. మొదటి దత్తపుత్రుడు బతికి ఉండగా రెండో దత్తత చెల్లదని తేల్చారు. హిందూ న్యాయం చదివే ప్రతి లాయరుకూ ఆ కేసు తెలుసు. కేసు గెలిచినవాళ్లకు మాత్రం పెద్దగా మిగిలింది లేదు. 1840లు గడిచేలోపు ఎస్టేటు బాకీల కింద కంపెనీ సర్కారు పాలైంది.

ఈ మధ్యలో 1832-33 వచ్చింది. నందననామ సంవత్సరపు కరువు, గుంటూరు సీమలో డొక్కల కరువు. జిల్లా 5 లక్షల జనాభాలో సుమారు 2 లక్షల మంది పోయారని కంపెనీ లెక్కలే చెబుతున్నాయి. జమీందారు ఖజానా వకీళ్లకు, మధ్యవర్తులకు, కచేరీ ఉద్యోగులకు కరిగిపోతున్న సంవత్సరాలవి. చెరువు పూడిక తీయించేందుకు గానీ గాదె తలుపు తీసేందుకు గానీ ఆ ఇంట్లో ఎవరికీ తీరిక లేదు, అధికారమూ లేదు. కంపెనీ శిస్తు వసూలు చూసుకుంది. అమెరికా చరిత్రకారుడు రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ 1965లో వెలువరించిన గుంటూరు జిల్లా చరిత్రలో 1788 నుంచి 1848 దాకా ఈ పతనాన్ని కాగితం కాగితం పట్టి చూపించాడు. కలెక్టరు పేరున నడిచిన పాలనను కచేరీలోని స్థానిక ఉద్యోగుల కుటుంబాలు ఎలా తమ చేతుల్లో పెట్టుకున్నాయో చెప్పిన పుస్తకం అది. చిన్న రాజ్యాల మీద వచ్చిన పుస్తకాల్లో అంత నిశితంగా రాసినది అరుదు. దానిలోనూ ఒక లోటుంది: దొర, కలెక్టరు, కచేరీ బ్రాహ్మణుడు కనిపించినంత స్పష్టంగా రైతు, నేతగాడు కనిపించరు.

నేతగాడి మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పుకోవాలి. మంగళగిరి గోపురం నీడలోనే మగ్గాల ఊరు ఉంది, ఈ రోజుకీ మంగళగిరి చీరకు పేరుంది. కంపెనీ కాలంలో మగ్గానికి మొతర్ఫా పన్ను కట్టాలి. కంసాలి, కుమ్మరి, చాకలి పనిముట్ల మీదా ఆ పన్ను పడేది. 19వ శతాబ్దం మధ్యకు మద్రాసులో గాజుల లక్ష్మీనరసు శెట్టి వంటివాళ్లు దాన్ని తీసేయాలని పార్లమెంటు దాకా మొర పెట్టుకున్నారు. గోపురం కట్టించిన రాజు పేరు అందరికీ తెలుసు. ఆ కాలంలో మంగళగిరిలో ఒక మగ్గం ఏడాదికి ఎంత కట్టిందో, కట్టలేనివాడు ఊరొదిలి ఎక్కడికి పోయాడో ఏ స్థలపురాణమూ చెప్పదు. వలస అనేది భివండి సాంచెలతో మొదలైన కథ కాదు.

తెలంగాణ సంస్థానాల మీద పరిశోధన కొంత మెరుగు. బెంజమిన్ కోహెన్ 2007 నాటి పుస్తకంలో 1850 నుంచి 1948 దాకా వనపర్తి, గద్వాల, జటప్రోలు రాజులు ఒక వైపు నిజాంతో, మరో వైపు బ్రిటిష్ రెసిడెంటుతో ఎలా నెట్టుకొచ్చారో వివరించాడు. అందులో పదే పదే కనిపించేది మళ్లీ అదే సమస్య: వారసులు లేకపోవడం, మైనరు రాజులు, వితంతు రాణులు, దత్తతల తగువులు. గద్వాలలో 1924లో భర్త సీతారామభూపాలుడు పోయాక ఆదిలక్ష్మీదేవమ్మ సంస్థానాన్ని నడిపింది, చివరి ఏలిక ఆవిడే. విద్వద్గద్వాల అని పేరుబడ్డ ఆ కొలువు పండితులకు ఏటా సంభావనలు ఇచ్చింది. పండితుల పేర్లు వందల్లో దొరుకుతాయి. తూమాటి దొణప్ప ఆంధ్ర సంస్థానాల సాహిత్య పోషణ మీద చేసిన బృహత్ కృషి చదివితే ఏ కవికి ఏ రాజు ఏమిచ్చాడో తెలుస్తుంది. ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు పెట్టి నేతలోనే కలిపే గద్వాల చీరను నేసిన చేతుల పేర్లు మాత్రం దొరకవు. ఆ చీర ఆ కొలువు పుణ్యమే అని చెప్పేవాళ్లున్నారు. కొలువు గిరాకీ ఇచ్చి ఉండవచ్చు, పోగు పోగు కలిపింది మాత్రం నేతగాడు.

మునగాల పరగణా ఈ చర్చలో అన్నిటికంటే పదునైన ఉదాహరణ. నిజాం రాజ్యం నడుమ ద్వీపంలా ఉన్న కృష్ణా జిల్లా తునక అది. దాని రాజా నాయని వెంకట రంగారావు దగ్గర కొమర్రాజు లక్ష్మణరావు దివానుగా పనిచేశాడు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టడంలో ఆ రాజు చేయి ఉంది. నిజాం నగరంలో తెలుగు పుస్తకానికి తలదాచుకునే చోటు లేని రోజుల్లో చేసిన పని అది. తెలుగు చదివే ప్రతి మనిషీ దానికి రుణపడి ఉన్నాడు. అదే రాజు పరగణాలో రైతులు వెట్టికీ, అక్రమ వసూళ్లకూ వ్యతిరేకంగా 1930ల్లో లేచి, ఏళ్ల తరబడి పోరాడారు. దెబ్బలు తిన్నారు, జైళ్లకు పోయారు.

ఈ రెండు నిజాలనూ ఒకే మనిషి మీద కలిపి చెప్పే వ్యాసాలు తక్కువ. గ్రంథాలయోద్యమ చరిత్రకారులు మొదటిది రాస్తారు, రైతాంగ పోరాట చరిత్రకారులు రెండోది రాస్తారు. పాఠకుడికి అటు దేవుడో ఇటు దయ్యమో దొరుకుతాడు. నిజానికి ఆ రెండూ ఒకే ఖజానా నుంచి వచ్చాయి. భాషానిలయానికి ఇచ్చిన చందా కూడా మునగాల రైతు ఇచ్చిన శిస్తే. ఆ మాట ఒప్పుకుంటే రాజు చేసిన మేలు తగ్గదు, ఆ మేలులో రైతు వాటా మాత్రం కనిపిస్తుంది. పిఠాపురం రాజా సూర్యారావు కాకినాడ కాలేజీకీ, అనాథ శరణాలయానికీ, సూర్యరాయాంధ్ర నిఘంటువుకూ పెట్టిన ఖర్చునూ ఇలాగే చూడాలి.

జవ్హార్‌కు తిరిగి వస్తే అక్కడా చరిత్ర ఇలాగే రెండు ముక్కలు. ఇంపీరియల్ గెజిటీర్ చెప్పే పాత కథ ప్రకారం ఆ నేల మొదట వార్లీ నాయకుడిది. ఎద్దు చర్మం కప్పినంత చోటు చాలని అడిగిన కోలీ నాయకుడు, ఆ చర్మాన్ని సన్నని పట్టీలుగా కోసి రాజ్యమంతా చుట్టేశాడు. ఇలాంటి కథ ఉత్తరాఫ్రికాలోని కార్తేజ్ నగరానికీ ఉంది. కథ ఎక్కడిదైనా, నేల చేతులు మారిన తీరును కోలీ, వార్లీ జనం ఎలా గుర్తుంచుకున్నారో అందులో ఉంది. 1343 జూన్ 5న ఢిల్లీ సుల్తాను నుంచి రాజా బిరుదు వచ్చిన రోజును శకారంభంగా పెట్టుకుని దస్తావేజుల మీద ఆ లెక్క రాసుకున్న సంస్థానం జవ్హార్. సూరత్ మీదికి పోతూ శివాజీ 1664 ప్రాంతంలో ఇటుగా వచ్చాడని, రాజు విక్రమ్‌షా శిర్పామాళ్ దగ్గర స్వాగతం చెప్పాడని ఊరివాళ్లు గర్వంగా చెబుతారు. తర్వాత మరాఠా పీష్వాల కాలంలో రాజ్యం కొంచెం కొంచెంగా కోతపడి కొండలకే మిగిలింది.

చివరి రాజు యశ్వంతరావు 1917లో పుట్టి, 1927లో పదేళ్ల పసివాడిగా గద్దెకు వచ్చాడు. వెంకటాద్రి నాయుడిలా, ఫ్రాంజ్‌లా ఆయనదీ పెద్దల పెంపకంలో మొదలైన ఏలుబడే. రెండో ప్రపంచ యుద్ధంలో వాయుసేనలో పనిచేశాడు. జయ్ విలాస్ మహల్ కట్టించాడు. ఊళ్లో పాత రాజు పతంగ్‌షా పేరున నడుస్తున్న ఆసుపత్రి ఈ రోజుకీ ఆ కొండల జనానికి ఆధారం. ఇవి ఒక వైపు.

మరో వైపు, సంస్థానం పొలిమేర దాటగానే ఉన్న ఉంబర్‌గావ్, డహాణు తాలూకాల్లో 1945లో వార్లీలు వెట్టిచాకిరీ మీద తిరగబడ్డారు. గోదావరి పరుళేకర్, శ్యామ్‌రావు పరుళేకర్ కిసాన్ సభ తరఫున ముందు నడిచారు. ఆ అక్టోబరులో తల్వాడాలో పోలీసు కాల్పులు జరిగాయి. ఆవిడ మరాఠీలో రాసిన అనుభవాల పుస్తకానికి తర్వాత సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ఒక ఏడాది తిరిగేసరికి నల్లగొండ, వరంగల్ పల్లెల్లో తెలంగాణ రైతాంగ పోరాటం భగ్గుమంది. వార్లీ కూలీ, పద్మశాలి నేతగాడు ఒకరినొకరు చూడకుండానే ఒకే దోపిడీకి ఎదురు తిరిగారు. కొన్నేళ్లకు వాళ్ల పిల్లలు భివండి కార్ఖానాల్లో, గోదాముల్లో పక్కపక్కన పనిచేశారు.

1948లో మద్రాసు శాసనసభ ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చింది. 1949 ఆగస్టు 15న హైదరాబాదులో జాగీర్ల రద్దు అమలులోకి వచ్చింది. జవ్హార్ లాంటి సంస్థానాల రాజభరణాలు 1971లో రాజ్యాంగ సవరణతో ఆగిపోయాయి. రాజుల కథ కాగితం మీద అక్కడితో ముగిసింది. వాళ్ల నేల మీది జనం కథ ముగియలేదు. 1992లో జవ్హార్ తాలూకా వావర్-వాంగణిలో ఆకలి, పోషకాహార లేమితో పసిపిల్లలు వరసగా చనిపోయారు. దేశమంతా ఉలిక్కిపడింది. సంస్థానం పోయి అప్పటికి 44 ఏళ్లు. తప్పును రాజు మీదికి తోసి స్వతంత్ర ప్రభుత్వాలు చేతులు కడుక్కోవడానికి వీల్లేదు. అలాగని ఆరు శతాబ్దాలు ఆ అడవిని ఏలిన వంశం ఆ జనానికి ఏం మిగిల్చిందన్న ప్రశ్నను గౌరవం పేరుతో దాటేయడానికీ వీల్లేదు.

ఇన్ని ఉదాహరణల తర్వాత ఒక తీర్పు చెప్పవచ్చు. చిన్న ఏలికలు కట్టినవాటిలో నిలిచినవి వాళ్ల చేతి నుంచి జారి జనం చేతికి వచ్చినవే. వనపర్తి కోటలో ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తోంది. వ్యవసాయ కూలీల పిల్లలు అక్కడ డిప్లొమాలు చదువుతున్నారు. భాషానిలయం తలుపులు తెరిచే ఉన్నాయి. వర్లిట్స్ తోటలో టికెట్ లేకుండా నడవవచ్చు. రాజు సొంతానికి దాచుకున్నవి వ్యాజ్యాల్లో, వేలాల్లో పోయాయి. ఒక్క మనిషి గుణం మీద ఆధారపడిన పాలనకు ఆ మనిషి ఎంత మంచివాడైనా అతని చావుతోనే గడువు తీరుతుంది. చిన్న రాజ్యం పెద్ద రాజ్యంకంటే జనానికి దగ్గర అని పొగిడేవాళ్లు ఒకటి మరచిపోతారు: దగ్గర ఉండటం వల్ల దొర దయ ఎంత త్వరగా చేరుతుందో, దొర కోపమూ అంతే త్వరగా చేరుతుంది. అమరావతి చెంచులకు ఆ దగ్గరితనమే మృత్యువైంది.

ఇంకా రాయాల్సింది చాలా ఉంది. సంస్థానాల రోజుల్లో వెట్టి చేసిన తరం దాదాపు వెళ్లిపోయింది. వాళ్లు చెప్పగా విన్న కొడుకులు, కూతుళ్లు భివండి పద్మనగర్‌లో, కాల్హేర్‌లో, సిరిసిల్లలో, షోలాపూర్‌లో ఇప్పుడు ముసలివాళ్లు. మగ్గం పన్ను ఎంత, గడీ ముందు చెప్పులు ఎక్కడ విడిచేవాళ్లు, దొర ఇంట పెళ్లికి ఎన్ని చీరలు ఉచితంగా నేసివ్వాల్సి వచ్చేది, ఏ రాత్రి ఊరొదిలి బొంబాయి బండెక్కారు: ఈ సంగతులు వాళ్ల నోట ఉన్నాయి, ఏ గెజిటీర్‌లోనూ లేవు. ఇంట్లో పెద్దవాళ్లున్న ప్రతి యువకుడూ ఫోన్‌లోనైనా సరే వాళ్ల మాట రికార్డు చేసి, ఊరు, సంవత్సరం, చెప్పినవారి పేరు రాసి పెట్టాలి. ఒక ప్రతి భివండిలోని ఏదైనా తెలుగు సంఘానికి, మరొకటి సొంత జిల్లా గ్రంథాలయానికి ఇవ్వాలి. జవ్హార్ కొండల్లోని వార్లీ స్నేహితుల ఇళ్లలోనూ ఇదే పని మరాఠీలో సాగాలి. ఈ ఏడాదే మొదలుపెట్టండి.